సూదులా, మూలికలా? పెంపుడు జంతువుకు చైనా వైద్యం ఎంచుకునే ముందు

కుక్కకి కీళ్లు అరిగాయనో, పిల్లికి కిడ్నీలు దెబ్బతిన్నాయనో తెలిశాక చాలామంది అడిగేది ఒకటే: "చైనా వైద్యం పనిచేస్తుందా?" చిక్కు ప్రశ్నలోనే ఉంది. ఆ పేరు కింద జరిగే పనులు రెండు. ఒకటి ఆక్యుపంక్చర్, అంటే ఒంట్లో సన్నటి సూదులు గుచ్చి, ఇరవై నిమిషాలు ఉంచి, తీసేయడం. రెండోది, పది పదిహేను మూలికలు కలిపిన పొడినో మాత్రనో రోజూ కడుపులోకి పంపడం. మొదటిది వద్దనుకుంటే సూది పీకేస్తే సరిపోయింది. రెండోది లివర్ గుండా వెళ్లాలి, కిడ్నీల గుండా బయటికి రావాలి, ఇప్పటికే వాడుతున్న మందులతో దారిలో తగువు పడొచ్చు కూడా. ఈ రెంటినీ ఒకే మూట కట్టి నెత్తికెత్తుకోవద్దు, ఒకే మూట కట్టి పారేయనూ వద్దు. దేనికదే తేల్చుకోవాలి.

మా లాబ్రడార్‌కి పదకొండో ఏట తుంటి కీళ్లు అరిగాయి. నున్నటి నేల మీద లేవబోయేసరికి వెనక కాళ్లు చెరో పక్కకి జారిపోయేవి. లేవాలని తను అసలు అనుకోనే లేదన్నట్టు మొహం పెట్టి అలాగే పడుకుండిపోయేది. దానికి సూదులూ వేయించాం, మూలికలూ మింగించాం. ఇక్కడ రాస్తున్నదాంట్లో ఆ అనుభవం కొంత, ఆ తర్వాత కూర్చుని చదువుకున్నది ఎక్కువ.

ముందు జబ్బేమిటో తేలాలి

చైనా పద్ధతిలో చూసే డాక్టరు నాలుక రంగు చూస్తారు, తొడ లోపలివైపు నాడి పట్టుకుంటారు, "యిన్ తగ్గింది" అంటారు. వాళ్ల లెక్క వాళ్లకుంటుంది. కానీ ఆ గది గడప తొక్కే ముందే ఎక్స్‌రే, బ్లడ్ టెస్ట్ అయిపోయి ఉండాలి. పెద్ద జాతి కుక్క కుంటుతోందంటే కీలు అరిగి ఉండొచ్చు, మోకాలి లిగమెంట్ తెగి ఉండొచ్చు, ఎముక క్యాన్సర్ కూడా అయి ఉండొచ్చు. చూసే కంటికి మూడూ ఒకటే కుంటు. పిల్లి ఉన్నట్టుండి అరుస్తూ వెనక కాళ్లు ఈడుస్తోందంటే రక్తం గడ్డకట్టి కాళ్లకి సరఫరా ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు చేయాల్సింది ఎమర్జెన్సీకి పరుగెత్తడమే. వెన్నులో డిస్క్ జారి, కాలి వేలు గట్టిగా నొక్కినా నొప్పి తెలియని స్థితికి వచ్చిన కుక్క విషయంలో కూడా ముందు మాట్లాడాల్సింది ఆపరేషన్ గురించి. అక్కడ గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

సూదులు

ఇంజెక్షన్ సూదిని మనసులో పెట్టుకుని భయపడకండి. ఈ సూది బోలుగా ఉండదు, మందు ఎక్కించదు, మందం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మా దానికి తల వెనక మొదటిది పెట్టినప్పుడు ఒక్కసారి చెవి విదిలించింది. నడుము దగ్గర పెట్టినప్పుడు అదీ లేదు. వీపు మీద వరసగా నిలబడ్డ సూదులన్నీ ఊపిరి తీసినప్పుడల్లా కలిసి లేచేవి, కలిసి దిగేవి. పావుగంటకి గురక మొదలు. ఆ రోజంతా మత్తుగా ఉండటం మామూలే. కొన్ని జంతువులకి ఒకటి రెండు రోజులు నొప్పి కాస్త పెరిగి ఆ తర్వాత తగ్గుతుంది.

ఇది ఎలా పనిచేస్తుందన్న దానికి సగం జవాబు ఉంది. సూది నరాలను కదిలిస్తే శరీరం తన సొంత నొప్పి మందుల్ని, అంటే ఎండార్ఫిన్ల వంటివాటిని, విడుదల చేస్తుంది. 1976లో బ్రూస్ పొమెరాంజ్ అనే పరిశోధకుడు చిట్టెలుకల మీద చేసిన ప్రయోగంలో, మార్ఫిన్ లాంటి పదార్థాల పనిని ఆపేసే నలోక్సోన్ అనే మందు ఇవ్వగానే సూది తెచ్చిన ఉపశమనం పోయింది. కాబట్టి నొప్పి విషయంలో ఏదో జరుగుతోందన్నది గాలి కబురు కాదు. కానీ ఒంట్లో "నాడీమార్గాల్లో శక్తి ప్రవాహం" ఉంటుందనీ, సూది దాన్ని సరిచేస్తుందనీ చెప్పే మాటని నేను పెద్దగా పట్టించుకోను. చైనాలో పాతకాలపు పశువైద్యం ప్రధానంగా గుర్రాలకీ గొడ్లకీ. కుక్కలకి, పిల్లులకి ఇప్పుడు చూపించే మార్గాల పటాలు చాలావరకు మనిషి పటాన్ని 20వ శతాబ్దంలో జంతువు ఒంటి మీదికి మార్చి గీసినవే. గుర్రానికైతే అసలు పిత్తాశయమే లేదు. అయినా దాని పటంలో పిత్తాశయ మార్గం ఉంటుంది!

మరి ఫలితాల మాటేమిటి? 2006లో జంతువుల ఆక్యుపంక్చర్ పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి చూసినవాళ్లు, ఏ జబ్బుకైనా సరే వాడమని గట్టిగా చెప్పడానికీ వద్దని చెప్పడానికీ సరిపడా ఆధారం లేదని తేల్చారు. ఆశ కలిగించేది డిస్క్ జబ్బు. 2010లో బ్రెజిల్ పరిశోధకులు, రెండు రోజులకి పైగా కాళ్లు పడిపోయి ఉన్న 40 కుక్కల రికార్డులు తిరగేశారు. సూదులకి సన్నటి కరెంటు కలిపి ఇచ్చిన 19 కుక్కల్లో 15 కోలుకున్నాయి. ఆపరేషన్ ఒక్కటే చేసిన 10లో 4, రెండూ చేసిన 11లో 8. అంకెలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కాకపోతే ఇవి పాత రికార్డులు, ఏ కుక్కకి ఏ చికిత్స అన్నది చీటీ తీసి నిర్ణయించింది కాదు, సంఖ్యా చిన్నది. "ఆపరేషన్ అక్కర్లేదు" అనడానికి దీన్ని చూపించేవాళ్లు ఎక్కువే చెబుతున్నారు.

ప్రమాదం తక్కువన్నాను, అసలు లేదనలేదు. రక్తం గడ్డకట్టే లోపం ఉన్నా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా సూదులు వద్దు. కణితి మీద, పుండు పడ్డ చర్మం మీద గుచ్చకూడదు. కడుపుతో ఉన్నప్పుడు నడుము, పొట్ట భాగాల్ని వదిలేస్తారు. ఫిట్స్ ఉన్న జంతువుకి, గుండెకి పేస్‌మేకర్ ఉన్న జంతువుకి కరెంటు పెట్టరు. ఎవరూ చెప్పని ఇంకోటి మేం నేర్చుకున్నాం. ఒకసారి డాక్టరు ఇంటికొచ్చి 14 సూదులు పెట్టారు. మధ్యలో కాలింగ్ బెల్ మోగింది. మాది లేచి ఒళ్లు దులపరించింది. అన్నీ ఏరితే 13. కుక్కని వరండాలో కట్టేసి, ముగ్గురం నేల మీద మోకాళ్లేసి అరగంట వెతికాం. దాని పరుపు కుట్టులో దిగబడి ఉంది. కుక్క దాన్ని మింగి ఉంటే కథ వేరే. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ మీరు కూడా లెక్కపెట్టండి. డాక్టరేమీ అనుకోరు.

సూది పడని జంతువుకి లేజర్ ఉంది, అదే చోట విటమిన్ బి12 ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. ఎండబెట్టిన మాచిపత్రి కాల్చి వేడి తగిలించేది కూడా ఉంది గానీ, దట్టమైన బొచ్చు పక్కన నిప్పు నాకు నచ్చలేదు. బంగారు పూసలు లోపల పాతే పద్ధతి గురించి మాత్రం ఒక్క హెచ్చరిక. తుంటి కీళ్ల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. పైగా పూసలు ఒంట్లోనే ఉండిపోతాయి. వద్దనుకుంటే తీసేయగలగడమనే సూది సుగుణం వాటికి లేదు.

మూలికలు

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "మూలికలే కదా, పనిచేయకపోయినా నష్టం లేదు" అంటారు. నిజానికి నష్టం చేయగల చికిత్స ఈ రెంటిలో ఇదే.

వత్సనాభి తీసుకోండి. శుద్ధి చేసి చలి, నొప్పి మందుల్లో వాడతారు. శుద్ధి సరిగా జరగకపోతే గుండె లయ తప్పుతుంది. మా హువాంగ్ అనే ఎఫెడ్రా కుక్కలో గుండె దడ, వణుకు, జ్వరం తెస్తుంది. మనుషులు వాడే సప్లిమెంట్లలో దీన్ని అమెరికా 2004లో నిషేధించింది. కొన్ని పాత మిశ్రమాల్లో ఇంగిలీకం ఉంటుంది, అంటే పాదరసం. మణిశిల ఉంటుంది, అంటే ఆర్సెనిక్. కొన్నిటిలో ఉల్లి జాతి దుంప ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల్లో పిల్లుల్లో ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. ఎలుగుబంటి పిత్తం, అలుగు పొలుసులు కలిపేవి కూడా ఉన్నాయి. అలాంటివి చూస్తే ఇక మిగతా ప్రశ్నలు అడగడం కూడా అనవసరం.

విషం లేని మూలికల చిక్కు వేరు. అతిమధురం చైనా మిశ్రమాల్లో చాలావాటిలో ఉంటుంది. అది రక్తంలో పొటాషియం తగ్గిస్తుంది, బీపీ పెంచుతుంది. గుండె జబ్బుకి ఫ్యూరోసెమైడ్ వాడే కుక్కలో ఆ మందు కూడా పొటాషియాన్ని బయటికి పంపేదే. రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. డాన్‌షెన్, డాంగ్ గ్వే లాంటివి రక్తాన్ని పలచన చేసే మందుల బలం పెంచుతాయి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే మూలికలు ఆపమనేది అందుకే.

పిల్లుల సంగతి చెప్పకపోతే తప్పు. కొన్ని పదార్థాల్ని విరిచి బయటికి పంపే ఒక ఎంజైమ్ వ్యవస్థ వాటి లివర్‌లో బాగా బలహీనం. మనం తలనొప్పికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణానికి ముప్పు రావడానికి. కుక్కకి పడిన మూలిక పిల్లికి పడుతుందనుకోవడం, డోసు సగం చేస్తే సరిపోతుందనుకోవడం, రెండూ ప్రమాదమే.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది పేర్ల గందరగోళం. బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన ఒక మిశ్రమంలో, అసలు మూలిక స్థానంలో చైనా భాషలో పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక వచ్చి చేరింది. అది మన ఈశ్వరి తీగ జాతికి చెందిన అరిస్టలోకియా. 1993లో సంగతి బయటపడేసరికే కిడ్నీలు చెడిపోవడం మొదలైంది. చివరికి వందమందికి పైగా మహిళలు దాని బారిన పడ్డారు. మనుషులకిచ్చే మందులోనే అలా జరిగితే, జంతువులకి అమ్మే డబ్బాని నేను ఏ భరోసాతో నమ్మాలి?

మాకు తగిలింది దానితో పోలిస్తే చాలా చిన్న దెబ్బ. ఒకచోట కీళ్లకని నల్లటి చిట్టి గుళికల డబ్బా ఇచ్చారు. లోపల ఏమున్నాయో దాని మీద రాసి లేదు. అడిగితే "అది మా గురువుగారి ఫార్ములా" అన్నారు. వారం తిరగకుండా మా దానికి మూడు రోజులు నీళ్ల విరేచనాలు. మామూలుగా చూసే వెట్ అడిగిన మొదటి ప్రశ్న: "అందులో ఏముంది?" నా దగ్గర జవాబు లేదు. గుళికల వల్లేనని తేలలేదు, కాదనీ తేలలేదు. అసలు ఇబ్బంది అదే.

ఫలితాలకొస్తే, మూలికల దగ్గర ఆధారాలు సూదులకన్నా పలచన. యునాన్ బయావో సంగతే చూడండి. 1902 నాటి ఫార్ములా, రక్తస్రావం ఆపుతుందని పేరు. ప్లీహంలో, గుండెలో రక్తనాళాల క్యాన్సర్ వచ్చిన కుక్కలకి చాలామంది వాడతారు. గుండె కుడి గదిలో గడ్డ ఉండి, గుండె చుట్టూ ద్రవం చేరిన 67 కుక్కల రికార్డుల మీద 2017లో వచ్చిన పరిశీలనలో అది జబ్బు తిరగబెట్టడాన్ని చెప్పుకోదగ్గంతగా ఆలస్యం చేయలేదు, ఆయుష్షు పెంచనూ లేదు. ఆ స్థితిలో ఉన్న కుక్కని చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోలేక ఇస్తామంటే నాకు అర్థమవుతుంది. కానీ ఆస్పత్రికి తీసుకెళ్లే టైమ్‌ని అది తినేయకూడదు.

మూలికలది పైచేయి అయ్యేది చర్మం దురద దగ్గర. రెహ్మానియా, పియోనీ, అతిమధురం కలిపిన ఒక తయారీ అలెర్జీ దురద ఉన్న కుక్కల్లో స్టెరాయిడ్ అవసరాన్ని కొంత తగ్గించిందని 2010లో వచ్చిన ప్రయోగం చెప్పింది. మెచ్చుకునేముందు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఒంట్లోనే తయారయ్యే స్టెరాయిడ్, అంటే కార్టిసాల్, విరిగిపోకుండా అడ్డుపడే గుణం అతిమధురానికే ఉంది.

ఎవరికి ఏది

ముసలి కుక్క, అరిగిన కీళ్లు: నా ఓటు సూదులకే, అదీ మిగతావాటికి తోడుగా. ముందు బరువు తగ్గించండి. ఏ సూదీ, ఏ మూలికా దానికి సాటి రావు. ఆ తర్వాత కార్ప్రోఫెన్, మెలాక్సికామ్ లాంటి నొప్పి మందులున్నాయి, నెలకోసారి ఇచ్చే యాంటీబాడీ ఇంజెక్షన్లున్నాయి. కడుపు గానీ కిడ్నీలు గానీ ఈ మాత్రల్ని తట్టుకోలేనప్పుడు సూదుల విలువ ఇంకా పెరుగుతుంది.

కిడ్నీ జబ్బు ఉన్న పిల్లికి మూలికలంటే నేను వెనకాడతాను. చెడిపోతున్న ఫిల్టర్ మీద ఇంకా పదిహేను పదార్థాల బరువు ఎందుకు? వికారం తగ్గి ఆకలి పుట్టడానికని సూదులు ప్రయత్నించొచ్చు, అదీ పిల్లి ఒప్పుకుంటే. బుట్టలో పెట్టగానే గుండెలవిసేలా అరిచి, క్లినిక్‌లో నోరు తెరుచుకుని రొప్పే పిల్లి అయితే, దానికి అయ్యే టెన్షన్ ముందు సూది ఇచ్చే సుఖం ఏ మూలకీ రాదు. ఇంటికొచ్చి చూసే డాక్టరు దొరికితే సరే, లేకపోతే వదిలేయండి.

ఫిట్స్ ఉన్న కుక్కకి ఏది చేసినా ఫినోబార్బిటాల్ మాత్ర మానకూడదు. "ఇక ఇంగ్లిషు మందు ఆపేయండి" అన్నవాళ్ల గది నుంచి లేచి వచ్చేయండి. ఆ మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఒకదాని వెనక ఒకటి ముంచుకొస్తాయి. కీమోథెరపీ నడుస్తుంటే మూలికల జాబితా క్యాన్సర్ డాక్టరు చూడకుండా ఒక్క గుళిక కూడా వద్దు.

జంతువు స్వభావం కూడా సగం నిర్ణయం చేసేస్తుంది. చేయి వేస్తే కరిగిపోయే కుక్కకి సూదులు సుఖం. ముట్టుకుంటే గుర్రుమనే దానికి కాదు. మూలికల పొడి చేదుగా, ఘాటుగా ఉంటుంది. కుక్క మొదటి వారం మోసపోతుంది, రెండో వారం నుంచి అన్నం గిన్నెనే అనుమానంగా చూస్తుంది. అసలే తిండి తగ్గిన జంతువుకి అది మంచిది కాదు. మద్యంలో తీసిన టించర్లు వద్దు. మనుషుల కోసం తీపి చేసిన ద్రావకాల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో చూడండి, కుక్కకి అది విషం.

ఎవరి దగ్గరికి

సూది పట్టేది పశువైద్య డిగ్రీ ఉన్న డాక్టరై, దాని మీద విడిగా శిక్షణ తీసుకున్నవారై ఉండాలి. 1974లో మొదలైన అంతర్జాతీయ పశు ఆక్యుపంక్చర్ సంఘం, అంటే ఐవాస్, సర్టిఫికెట్ ఇస్తుంది. ఫ్లోరిడాలో 1998లో మొదలైన చీ సంస్థ సూదులతో పాటు మూలికలు కూడా నేర్పుతుంది. మూలికలకి శిక్షణ వేరు. సూదుల సర్టిఫికెట్ చూపించి మూలికలు రాసేస్తుంటే ఆ సంగతి అడగాలి. మూలికల విషయంలో నేనిప్పుడు అడిగే ప్రశ్నలు మూడే. ఇందులో ఉన్న ప్రతి మూలిక శాస్త్రీయ నామం ఇస్తారా? భారలోహాలకి పరీక్ష చేసిన బ్యాచ్ రిపోర్ట్ ఉందా? ఇప్పుడు వాడుతున్న మందుల జాబితా చూశారా? ఒక్కదానికి నసిగినా డబ్బా అక్కడే వదిలేసి వస్తాను.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది

మన కళ్లని నమ్మడానికి లేదు. కీళ్ల నొప్పితో కుంటే కుక్కల మీద 2012లో వచ్చిన పరిశీలనలో, ఉత్తుత్తి మందు తీసుకున్న కుక్కలు బాగుపడ్డాయని యజమానులు దాదాపు 40 శాతం సందర్భాల్లో పొరబడ్డారు. కాళ్ల మీద పడే బరువు యంత్రంతో కొలిస్తే మార్పేమీ లేదు. చిత్రమేమిటంటే డాక్టర్లు కూడా అంతకు తక్కువేమీ పొరబడలేదు.

అందుకే మొదలుపెట్టే ముందే కొలత పెట్టుకోండి. మేం పెట్టుకున్నది ఇది: ప్రతి ఆదివారం ఉదయం, అదే చాప మీద, అదే చోట నుంచి ఫోన్‌లో వీడియో. పిలిచిన దగ్గర్నుంచి నాలుగు కాళ్ల మీద నిలబడేదాకా ఎన్ని సెకన్లు? పిల్లి అయితే కిటికీ గట్టు మీదికి వారంలో ఎన్నిసార్లు ఎక్కిందో రాసుకోవచ్చు. ఒకసారికి ఒకటే మార్చండి. సూదులు, కొత్త నొప్పి మందు, కొత్త దాణా ఒకే నెలలో మొదలుపెడితే దేనివల్ల ఏం జరిగిందో దేవుడికే తెలియాలి. సూదులైతే వారానికొకటి చొప్పున నాలుగైదు సార్లు చాలు, ఆలోపు కొలత కదలకపోతే ఆపేయొచ్చు. మూలికలు ఎక్కువ రోజులు వాడాలంటారు. అలాంటప్పుడు మొదటి నెల అయ్యేసరికి లివర్, కిడ్నీ టెస్టులు మళ్లీ చేయించండి.

మాకు మొదటి వీడియోలో 11 సెకన్లు, ఐదో సిట్టింగ్ తర్వాత 6. సంబరపడ్డాం. కానీ అదే నెలలో దాని బరువు కూడా తగ్గింది. ఏది ఏమిటో తేల్చుకుందామని, బరువు నిలకడగా ఉన్నప్పుడు సూదులు నెల రోజులు ఆపి చూశాం. మూడో ఆదివారం 7. నాలుగో ఆదివారం 9. ఆ వీడియో రెండోసారి చూడలేదు, డాక్టరుకి ఫోన్ చేశాను.